మూడు గంటల తెరిపి

గద్వాల,
14 జూన్ 2006.

వదినకు,

జోగులమ్మ నమస్కారాలు. అన్నకు కూడా చెప్పు. కావ్యకు మేనత్త ముద్దులు.

మూడేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి, దీనికి ఏం అవసరం పడిందో అనుకుంటావు. అవసరమే పడింది. నేను ఆయాగా చేస్తున్న బడి ఈ ఎండాకాలం మూతపడింది. మా ఆయన లారీ మీద పోతే వారానికి ఒకసారి ఇంటి ముఖం చూస్తాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు.

ఇక్కడ ఒక సొసైటీ వాళ్లు కొత్త పని మొదలుపెట్టారు. నడవలేని, మాట్లాడలేని, బుద్ధి ఎదగని పిల్లలున్న ఇళ్లకు మనం వెళ్లాలి. మూడు గంటలు ఆ పిల్లలను మనమే చూసుకోవాలి. ఆ మూడు గంటలు తల్లి ఇష్టం. పడుకుంటుందో, సంతకు పోతుందో, ఊరికే గోడకు ఆనుకొని కూర్చుంటుందో మనం అడగకూడదు. వాన కాసేపు తెరిపి ఇచ్చినట్టు అన్నమాట. అందుకే ఆ పనికి 'తెరిపి' అని పేరు పెట్టారు. నన్ను తీసుకున్నారు. నెలన్నర శిక్షణ వనపర్తిలో.

నన్ను చేర్చుకునేటప్పుడు ఇట్లాంటి పిల్లలు మీ బంధువుల్లో ఉన్నారా అని అడిగారు. ఉంది, మా అన్న బిడ్డ అన్నాను. ఆ పాపకు ఎప్పుడైనా అన్నం తినిపించావా అని అడిగారు. లేదన్నాను. పదేళ్ల బిడ్డకు ఒక్క ముద్ద కూడా పెట్టని మేనత్తను. తల ఎత్తలేకపోయాను.

కావ్యకు ఎట్లా తినిపిస్తావో, ఎట్లా ఎత్తుకుంటావో రెండు మాటలు రాయి వదినా.

నీ ఆడబిడ్డ,
జోగులమ్మ


కోడేరు,
2 జూలై 2006.

జోగులమ్మకు, బాలమ్మ రాయునది.

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పడ్డాయి. మీ అన్న ఆముదాలు వేశాడు.

మీ గృహప్రవేశం నాడు కావ్యకు కొత్త గౌను తొడిగి, చంకన వేసుకొని బస్టాండు దాకా వచ్చాను. అక్కడి నుంచి మీ అన్న ఫోను చేస్తే నువ్వు ఏమన్నావో నాకు గుర్తుంది. "అన్నా, పాపను తేవొద్దంటుంది మా అత్త. చుట్టాలు తలా ఒక మాట అడుగుతరట" అన్నావు. మీ అన్న ఒక్కడే వచ్చి మీ ఇంట్లో భోజనం చేశాడు. నేను బస్టాండు నుంచే వెనక్కి తిరిగాను. ఆ గౌను మళ్లీ తొడగలేదు, ఇప్పుడు పట్టదు కూడా.

ఇప్పుడు పరాయి పిల్లలను చూసుకునే పని నేర్చుకుంటానంటున్నావు. మంచిదే.

ఒక్క మాట రాస్తాను. అది నీకోసం కాదు, నీ చేతికి వచ్చే పిల్లల కోసం. పడుకోబెట్టి తినిపించకు. తల వెనక్కి వాలనీయకు, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. ఒక ముద్ద మింగినాకనే రెండో ముద్ద. నీ కళ్లు బిడ్డ గొంతు మీద ఉండాలి, గిన్నె మీద కాదు.

ఇట్లు,
బాలమ్మ


వనపర్తి,
29 జూలై 2006.

వదినకు,

నీ ఉత్తరం గద్వాలకు పోయి, అక్కడి నుంచి నన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది.

ముందు చెప్పవలసిన మాట చెప్తాను. ఆ రోజు మా అత్త ఏమీ అనలేదు. పాపను తేవొద్దన్నది నేనే. అన్న ఏమనుకుంటాడో అని అత్త పేరు చెప్పాను. కొత్త ఇల్లు, కొత్త చీర, మా ఆయన తరఫు వాళ్లంతా వస్తున్నారు. కావ్య సొల్లు కారుస్తూ అరిస్తే అందరూ నా వైపు చూస్తారని సిగ్గుపడ్డాను. ఇన్నేళ్లు మా అత్త మీద నీకు కోపం ఉందని తెలిసీ నోరు మెదపలేదు. ఆమె పోయిన సంవత్సరం చనిపోయింది. ఆమెకు కూడా నేను చెప్పుకోలేకపోయాను.

క్షమించమని అడగడం లేదు. తెలియాలని రాశాను.

ఇక్కడ మాకు నేర్పేది ఎస్తేరమ్మ గారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. గొంతు పెద్దది, చెయ్యి మెత్తనిది. మొదటి రోజే మా పదకొండు మందిని చాపల మీద పడుకోబెట్టి, కదలొద్దు, మాట్లాడొద్దు అని, ఒకరితో ఒకరికి ఉప్మా తినిపించారు. నాకు తినిపించిన ఆమె పక్కావిడతో ముచ్చట పెడుతూ రెండు స్పూన్లు వరసగా పెట్టింది. ఊపిరి ఆడలేదు. లేచి దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎస్తేరమ్మ గారు నా వీపు నిమురుతూ, "నువ్వు లేస్తివి. లేవలేని పిల్లలేం జెయ్యాలె?" అన్నారు.

నీ ఉత్తరం అందాక అందులోని చివరి నాలుగు ముక్కలు ఆమెకు చదివి వినిపించాను. 'కళ్లు గొంతు మీద ఉండాలి, గిన్నె మీద కాదు' అన్నది విని ఆమె కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"ఇది రాసింది ఎవరమ్మా, డాక్టరా?"

"కాదు మేడం, మా వదిన. తొమ్మిదో తరగతి దాకా చదివింది."

"అయితే ఇంకా రాయమను. నా పుస్తకాలల్ల గింత సాఫ్‌గా లేదు" అన్నారు.

ఆమె మాట నీకు చేరవేశాను. రాయకపోయినా నీ మీద నాకేం కోపం ఉండదు.

జోగులమ్మ


కోడేరు,
20 ఆగస్టు 2006.

జోగులమ్మకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మీ అన్నతో కూడా మాట్లాడలేదు. నాలుగో రోజు మీ అత్త గుర్తొచ్చింది. పాపం, పండుగ పూట కనబడితే పలకరించబోయేది, నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఆ పాపంలో సగం నీది, సగం నాది.

కోపం ఉంది. కానీ ఇన్నేళ్లలో కావ్య గురించి నాతో నిజం మాట్లాడిన మనిషివి నువ్వొక్కదానివే. మిగతా వాళ్లంతా 'దేవుడిచ్చిన బిడ్డ' అని పక్కకు జరుగుతారు. నువ్వు సిగ్గుపడ్డానని రాశావు. నేను కూడా ఒకప్పుడు పడ్డాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మీ ఎస్తేరమ్మ గారికి ఇవి చెప్పు. స్టీలు స్పూను వద్దు. పిల్ల కొరికి పట్టుకుంటే పళ్లు కదులుతాయి, గుంజితే ఇంకా గట్టిగా పడుతుంది. వేళ్లతో పెట్టాలి, చెంప లోపలి పక్కన. నీళ్లు పలచగా ఉంటే పొలమారుతుంది, జావలాగా ఏదైనా చిక్కగా ఉంటే దిగుతుంది. కాళ్లు కర్రల్లా బిగిస్తే బలవంతంగా విడదీయొద్దు. మోకాళ్ల కింద చెయ్యి పెట్టి, కడుపు వైపు మెల్లగా మడిస్తే వాటంతటవే వదులుతాయి. స్నానానికి ముందు నీళ్లు దాని అరచేతి మీద పోసి చూపించాలి, లేకపోతే ఉలిక్కిపడుతుంది. ఏడుపులు మూడు రకాలు. ఆకలిది సన్నగా మొదలవుతుంది. నొప్పిది ఒక్కసారే లేస్తుంది. మూడోది ఊరికే, మనిషి కావాలని. ఆ మూడోదానికి చాలామంది అన్నం పెడతారు.

పల్లికాయ ఒలుస్తుంటే ఆ చిటపటకు నవ్వుతుంది. ఎందుకో తెలియదు.

ఈ మధ్య నడుము పట్టేస్తుంది, అంతే. మీ అన్న కలుపు పనుల్లో ఉన్నాడు.

వదిన


గద్వాల,
8 అక్టోబరు 2006.

వదినకు,

నీ ఉత్తరాన్ని ఎస్తేరమ్మ గారు నల్లబల్ల మీద రాయించారు. పదకొండు మందీ నోటు పుస్తకాల్లో దింపుకున్నారు. 'మూడో ఏడుపు' అనేది ఇప్పుడు మా అందరి మాట అయిపోయింది.

నాకిచ్చిన మొదటి ఇల్లు సుల్తానాబీది. ఆమె కొడుకు రెహాన్‌కు ఎనిమిదేళ్లు. ఒక్క క్షణం నిలవడు. మాట రాదు, పిలిస్తే చూడడు, తలుపు తెరిచి ఉంటే రోడ్డు మీద ఉంటాడు. పొద్దున లేచినప్పటి నుంచి ఆమె ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకొని ఇంకో చేత్తో రొట్టెలు చేస్తుంది.

మొదటి రోజు ఆమె ఇంట్లోంచి కదలలేదు. "నువ్వు చూస్కో, నేను ఈడనే కూసుంట" అని మూడు గంటలూ నన్నే చూస్తూ కూర్చుంది. రెండో రోజూ అంతే. మూడో రోజు వీధి చివరి దాకా పోయి పది నిమిషాల్లో ఆయాసపడుతూ తిరిగొచ్చింది.

"ఏమైంది సుల్తానా?"

"ఏం గాలే. చేతులు ఖాళీగున్నయి గదా, ఎట్ల నడవాల్నో తెల్వలే."

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

ఐదో రోజు నా తప్పు జరిగింది. గొళ్లెం సరిగా పడలేదు. రెహాన్ రోడ్డెక్కాడు. నేను చెప్పులు లేకుండా పరుగెత్తి, వాణ్ని పట్టుకొని అక్కడే దుమ్ములో కూర్చుండిపోయాను. ఎదురుగా ట్రాక్టరు ఆగి ఉంది. నడిపే అతను తిట్టిన తిట్లు రాయలేను. సుల్తానాబీ రాగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇక నన్ను రావొద్దంటుంది అనుకున్నాను. ఆమె గొళ్లెం రెండుసార్లు వేసి, తీసి చూసి, "నా చేతిల నుంచి గూడ రెండు సార్లు వోయిండు. నేను ఎవ్వరికి చెప్పలే. నువ్వు చెప్పినవ్. రేపు గూడ రా" అంది.

పోయిన వారం ఆమె అయిజలో అక్క ఇంటికి పోయి సాయంత్రానికి వచ్చింది. గోరింటాకు పెట్టుకొని వచ్చింది వదినా. రెండు చేతులకూ. అది ఎండేదాకా చేతులు కదపకుండా కూర్చున్నానని పదిసార్లు చెప్పింది.

ఇంకో సంగతి. అన్న మొన్న ఫోను చేశాడు. నువ్వు చేనులో కూలబడ్డావట. నాగర్‌కర్నూలు దవాఖానాకు పోయి వచ్చావట. డాక్టరు ఏమన్నాడో నువ్వు చెప్పనీయడం లేదట. నేను నీకు నిజం రాశాను. నువ్వు కూడా రాయి.

జోగులమ్మ


కోడేరు,
27 అక్టోబరు 2006.

జోగులూ,

గర్భసంచి జారింది. రెండేళ్ల నుంచే ఉంది. చీర కొంగు గట్టిగా బిగించి కట్టుకొని పని చేస్తున్నాను. పదేళ్ల పిల్లను రోజుకు ఇరవైసార్లు ఎత్తి దించితే ఇట్లాగే అవుతుందని డాక్టరమ్మ కోప్పడింది. ఆపరేషన్ చేయాలంది. అది కాదు నా భయం. ఆ తర్వాత మూడు నెలలు బిందె కూడా ఎత్తొద్దంది.

"బిందె ఎత్త, మేడం. బిడ్డను?" అని అడిగాను.

"బిడ్డను అసలే ఎత్తొద్దు. గిట్లనే ఉంటే ఇంకో ఏడాదికి నువ్వే మంచం పడ్తవ్. అప్పుడు ఆమెను ఎవరు చూస్తరు?" అంది.

అందుకే చెప్పొద్దన్నాను.

పదేళ్లలో నేను కావ్యను వదిలి ఒక్క పూట ఉండలేదు. మీ అన్న మంచివాడే, కానీ దాన్ని తాకడానికి జంకుతాడు. నీ మీద నమ్మకం లేదని రాయను. ఉందని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. నేను లేని ఇంట్లో అది నోరు తెరవకపోతే? నా వాసన కోసం వెతుక్కుంటే? నాకు ఈ నొప్పి అలవాటైంది. ఇట్లానే గడుపుతాను.

వదిన


గద్వాల,
4 నవంబరు 2006.

వదినకు,

మూడు నెలల మాట పక్కన పెట్టు. మూడు గంటలు చూద్దాం.

వచ్చే ఆదివారం నేను మొదటి బస్సుకు బయల్దేరి, బీచుపల్లి మీదుగా, రెండు బస్సులు మారి పన్నెండు లోపల కోడేరులో ఉంటాను. నువ్వు నీకు తోచిన చోటికి పో. మూడు గంటలు నిండకముందే వస్తే తలుపు తీయను. నచ్చకపోతే మళ్లీ ఈ మాట ఎత్తను.

మా సొసైటీ గద్వాల వరకే. కోడేరు మా కిందికి రాదన్నారు. నేను ఎస్తేరమ్మ గారితో వాదులాడాను. మా అందరికీ పాఠం చెప్పిన ఆమె ఇంటికే మనం పోకపోతే ఈ పనికి అర్థమేంది అన్నాను. ఆమె ఆఫీసులో పట్టుబట్టి ఒప్పించారు. సుల్తానాబీకి చెప్పి సెలవు అడిగితే ఏమందో తెలుసా? "నెల దినాలైనా పో. రెహాన్‌ను పట్టుకునుడు మా అత్తకు నేర్పిన. నువ్వు నాకు నేర్పినట్టే" అంది.

ఆదివారం వస్తున్నాను.

జోగులమ్మ


నాగర్‌కర్నూలు, దవాఖాన,
18 జనవరి 2007.

జోగులూ,

ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాను. మా చిన్నమ్మ దగ్గరుంది. ఈ ఉత్తరం మీ అన్న చేతికిస్తున్నాను, అతని చేతికే జవాబివ్వు. అక్కడ కావ్య ఏం తిన్నది, ఎన్నిసార్లు తిన్నది, ఏ ఏడుపు ఏడ్చింది, అన్నీ రాయి.

పడుకొని చేసే పనేమీ లేదు కాబట్టి ఒకటి చెప్తాను. ఆ నవంబరు ఆదివారం నువ్వు తలుపు వేసుకున్నాక నేను ఎక్కడికీ పోలేదు. ఇంటి వెనక గోడకు చెవి పెట్టి నిలబడ్డాను. మొదట మూడో ఏడుపు వినిపించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నువ్వు ఏమీ తినిపించలేదు. ఊరికే మాట్లాడుతూ కూర్చున్నావు. మీ అన్న చిన్నప్పుడు మేకను తరుముతూ బురదలో పడ్డ కథ చెప్పావు. ఏడుపు ఆగింది. ఆ తర్వాత కావ్య నవ్వింది.

సంతోషం కాలేదు, జోగులూ. ఒళ్లు మండింది. నేను లేకుండా కూడా నవ్వుతుందా అని. అక్కడి నుంచి విసురుగా చేనుకు పోయి గట్టు మీద కూర్చున్నాను. ఏడ్చానో, ఎప్పుడు పడుకున్నానో తెలియదు. లేచేసరికి పొద్దు వాలింది. పగటి పూట ఎవరూ పిలవకుండా నిద్ర లేవడం ఎట్లా ఉంటుందో మర్చిపోయాను. ఆ రోజు నువ్వు మూడు గంటలు అన్నావు, నేను ఐదు గంటలు గడిచాక వచ్చాను.

ఆపరేషన్‌కు సరేనన్నది ఆ గట్టు మీదే.

వదిన


కోడేరు,
20 జనవరి 2007.

వదినకు,

అడిగావు కాబట్టి దాచకుండా రాస్తాను. చదివేటప్పుడు భయపడకు, ఆఖరి దాకా చదువు.

నువ్వు పోయిన రోజు రాత్రి, మర్నాడు పొద్దున, మధ్యాహ్నం కావ్య నోరు తెరవలేదు. పళ్లు బిగించి గోడ వైపు తిరిగింది. నువ్వు చెప్పినవన్నీ చేశాను. గడ్డం కిందికి పెట్టాను, చెంప లోపల పెట్టాను, ఉమ్మేసింది. పల్లికాయ ఒలిచాను. నవ్వలేదు. పెదవులు తడపడానికి పెట్టిన జావ మాత్రం కొంచెం మింగింది. సాయంత్రానికి తినకపోతే ఆరెంపీ డాక్టరును పిలుద్దామనుకున్నాను.

అప్పుడు అన్న చేను నుంచి వచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చొని, తన జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకొని తింటున్నాడు. కావ్య మెడ తిరిగింది. నోటి వైపు కాదు, అన్న చేతి వైపు చూస్తుంది. కళ్లు ఆ చెయ్యి వెంటే కిందికీ పైకీ పోతున్నాయి.

"అన్నా, ఆమెకు నీ చేతి ముద్ద కావాలె" అన్నాను.

"నాతోని గాదు చెల్లె. మొరటు చేతులు. ఏమన్న అయితే మీ వొదినెకు ఏం ముఖం చూపియ్యాలె?"

"తల నేను పట్టుకుంట. నువ్వు గొంతు చూడు, మింగినంక పెట్టు. గంతే."

అన్న పోయి చేతులు కడుక్కొని వచ్చాడు వదినా. దూడకు మందు పోసే చేత్తోనే చిటికెడంత ముద్ద పెట్టాడు. కావ్య నోరు తెరిచింది. మింగింది. మళ్లీ తెరిచింది. అన్న ఆమె గొంతునే చూస్తూ రొట్టె మొత్తం పెట్టాడు. అయిపోయాక గిన్నె అక్కడే పెట్టి బయటికి పోయాడు. నేను వెనకే పోతే పశువుల కొట్టం దగ్గర నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు.

"పదేండ్లు, చెల్లె" అన్నాడు.

అప్పటి నుంచి పొద్దుటిది నేను, రాత్రిది అన్న. నిన్న స్నానం కూడా తనే పోశాడు. నీళ్లు ముందు అరచేతి మీద పోసి చూపించమంటే, "నాకు తెల్సు తియ్" అన్నాడు. దుప్పటి మడిచి ఇద్దరం చెరొక పక్క పట్టుకొని ఎత్తడం ఎస్తేరమ్మ గారు నేర్పారు, అది అన్నకు చూపించాను. నువ్వు వచ్చాక కూడా ఒంటరిగా ఎత్తనీయనంటున్నాడు.

అనుకున్నట్టు నెల కాదు, నీకు మూడు నెలలు నిండేదాకా నేను వారానికి నాలుగు రోజులు ఇక్కడే. నువ్వు తొందరపడి రాకు.

జోగులమ్మ


వనపర్తి,
15 జూలై 2007.

జోగులూ,

నువ్వు రెహాన్‌తో పాటు ఇంకో రెండు ఇళ్లు చూసుకుంటూ తీరిక లేకుండా ఉంటావని తెలుసు. అయినా ఈ ఉత్తరం వెంటనే చదువు.

ఎస్తేరమ్మ గారు కొత్త బ్యాచికి మూడు రోజులు పాఠం చెప్పమని పిలిచారని రాశాను కదా. రానన్నాను. మీ అన్న సంచి సర్ది బస్సెక్కించాడు. "నువ్వు ఈడుంటే నన్ను మంచిగ పని చేసుకోనియ్యవ్" అన్నాడు. పెబ్బేరు దాకా కిటికీలోంచి వెనక్కే చూస్తూ వచ్చాను.

గదిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరూ నాకంటే మంచి చీరల్లో ఉన్నారు. ఎస్తేరమ్మ గారు నన్ను ముందు నిలబెట్టి, "ఈమె మన పాఠాల తల్లి" అని తాను పోయి ఆఖరి వరసలో కూర్చున్నారు. ఏం చెప్పాలో తోచక ఒకామెను చాప మీద పడుకోమన్నాను. ఆమె మోకాళ్ల కింద చెయ్యి పెట్టాను. అంతే, చేతులకు తెలిసింది నోటికి వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆగలేదు.

ఆఖరున ఒక చిన్న పిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదట, లేచి అడిగింది. "అక్కా, మనం ఎంత మంచిగ చూసినా ఆ తల్లి మనల్ని నమ్మకుంటే?"

"నమ్మదు. గోడ ఎన్క నిలవడి ఇంటది. నేను గట్లనే ఇన్న. విననియ్యి. నువ్వు నీ పని చెయ్యి" అన్నాను. అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ గారు మాత్రం చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు జోగులూ. అసలు ఎప్పుడూ కొట్టలేదేమో.

వచ్చే నెల నుంచి కొల్లాపూర్ వైపు కూడా 'తెరిపి' పెడతారట. ఆ ఊళ్లకు పోయే ఆడవాళ్లకు నేర్పే పని నాకే ఇస్తామన్నారు. నెలకు ఆరు రోజులు. సంతకం పెట్టాను. ఎవరినీ అడగకుండా పెట్టాను.

బయటికి వచ్చి బస్టాండు ఎదురుగా రూపాయి ఫోను నుంచి మా పక్కింటికి చేశాను. మీ అన్నను పిలిచారు.

"బిడ్డ తిన్నదా?"

"తిన్నది."

"ఏడ్సిందా?"

"ఏడ్సింది, ఊకున్నది."

"ఏ ఏడుపు?"

"మూడోది. ముచ్చట చెప్పిన. ఇగ పెట్టెయ్ ఫోను, మా తండ్రీబిడ్డలకు పనున్నది" అని పెట్టేశాడు.

తర్వాత పక్కనున్న హోటల్లోకి పోయి, ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చొని దోశ చెప్పాను. పొగలు కక్కుతూ వచ్చింది. ఎవరికీ ముద్ద కలపలేదు, ఎవరి గొంతూ చూడలేదు. పొగలు తగ్గకముందే మొత్తం తినేశాను. వడ్డించే పిల్లవాడు వచ్చి బిల్లు తేవాలా అన్నాడు.

ఇంకో దోశ తెమ్మన్నాను.

నీ వదిన,
బాలమ్మ